వైర్‌లెస్ డ్రైవర్ల పరీక్ష, ధ్రువీకరణ

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఉండే వైఫై చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ మధ్యవర్తిగా పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను వైర్‌లెస్ డ్రైవర్ అంటారు. అది చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్నదా, చెప్పని పని చేయకుండా ఉంటున్నదా అని తేల్చుకోవడం పరీక్ష. ఆ చిప్, ఆ డ్రైవర్ కలిసి ప్రమాణాలకూ దేశ చట్టాలకూ సరిపోతున్నాయని ఆధారాలతో నిర్ధారించడం ధ్రువీకరణ. రెండూ పక్కపక్కనే నడుస్తాయి గానీ ఒకటి కావు. లోపం వెతకడానికి కూర్చున్నవారు చేసేది మొదటిది, లోపం లేదని సంతకం పెట్టాల్సినవారు చేసేది రెండోది.

హార్డ్ డిస్క్ డ్రైవర్‌ను పరీక్షించేవారికి లేని చిక్కు ఇక్కడ ఉంది. డిస్క్ మీద రాసింది మళ్లీ చదివితే అదే రావాలి. రాకపోతే తప్పు ఎక్కడో లోపలే ఉన్నట్టు. వైఫైకి ఒక కొస మాత్రమే మన చేతిలో ఉంటుంది, రెండో కొస గాలిలో ఉంటుంది. పక్కింటి రౌటర్ ఛానెల్ మారినా, వంటింట్లో మైక్రోవేవ్ తిరిగినా, గది తలుపు మూసినా ఆ గాలి మారిపోతుంది. నిన్న తప్పిన పరీక్ష ఈరోజు నెగ్గితే, డ్రైవర్ బాగుపడిందా, గాలి బాగుపడిందా? ఈ రంగంలో పుట్టిన పద్ధతుల్లో చాలా వరకు ఈ ఒక్క ప్రశ్నకు జవాబుగా వచ్చినవే. గాలిని పూర్తిగా తీసేసి పరీక్షించడం ఒక దారి. పెట్టెలో బంధించి పరీక్షించడం ఇంకొకటి. ఉన్న గాలికే చెవి ఒగ్గి వినడం మరొకటి.

డ్రైవర్ వాటా ఎంత?

వైఫై ప్రమాణమైన 802.11 మొదటి రూపం 1997లో వచ్చింది. అప్పటి వేగం సెకనుకు 1 లేదా 2 మెగాబిట్లు. వేగం ఎన్ని రెట్లు పెరిగినా ఒక నియమం మాత్రం మారలేదు: ఫ్రేమ్ అందిన వెంటనే అందినట్టు జవాబు పంపాలి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఆ విరామం 10 మైక్రోసెకన్లు, 5 గిగాహెర్ట్జ్‌లో 16. కంప్యూటర్‌లోని ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ చేరి, డ్రైవర్ మేలుకునే లోపే ఆ గడువు దాటిపోతుంది. అందుకే గడియారం కత్తిలా వేలాడే పనులన్నీ చిప్‌లోనో, చిప్‌లో నడిచే ఫర్మ్‌వేర్‌లోనో జరుగుతాయి. నెట్‌వర్క్‌లు వెతకడం, ఏ యాక్సెస్ పాయింట్‌తో కలవాలో తేల్చడం, తాళాలు అమర్చడం, క్యూలు నడపడం వంటివి పై అంతస్తుకు వస్తాయి.

లినక్స్‌లో ఈ పై అంతస్తు చాలా డ్రైవర్లకు ఉమ్మడిగా ఉంది. డివైస్‌స్కేప్ సంస్థ ఇచ్చిన కోడ్ ఆధారంగా 2007లో మ్యాక్80211 అనే పొర కెర్నల్‌లో చేరింది. దానిమీద సీఎఫ్‌జీ80211 అనే ఆకృతీకరణ పొర ఉంటుంది. ఈ ఏర్పాటు పరీక్షకులకు పెద్ద మేలు చేసింది. ఉమ్మడి పొరను ఒక్కసారి గట్టిగా పరీక్షిస్తే దాన్ని వాడే డ్రైవర్లన్నిటికీ ఆ బలం దక్కుతుంది. అయితే అందులో పగులుంటే ఆ పగులు కూడా అందరికీ పంచబడుతుంది. విండోస్‌లో ఈ పాత్రను విస్టా కాలంలో నేటివ్ వైఫై, విండోస్ 10లో డబ్ల్యూడీఐ, విండోస్ 11లో వైఫైసీఎక్స్ అనే నమూనాలు పోషించాయి.

కనుక ఏదైనా లోపం కనబడితే మొదటి ప్రశ్న అది ఎవరి వాటా అని. "నెట్ రావడం లేదు" అనే ఒకే ఫిర్యాదు వెనుక ఫర్మ్‌వేర్ ఉండవచ్చు, డ్రైవర్ ఉండవచ్చు, ఉమ్మడి పొర ఉండవచ్చు, పైన నడుస్తూ నెట్‌వర్క్‌తో కలిపే డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే కార్యక్రమం ఉండవచ్చు, అవతలి రౌటర్ కూడా ఉండవచ్చు. మంచి పరీక్ష ఈ అయిదుగురిలో ఒక్కొక్కరినీ విడదీసి చూస్తుంది.

గాలి లేకుండా పరీక్ష

యౌని మాలినెన్ 2008లో రాసిన మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్ ఈ విడదీయడానికి దొరికిన గొప్ప సాధనం. ఇదీ డ్రైవరే, కానీ దాని కింద చిప్ లేదు. లోడ్ చేయగానే కెర్నల్‌కు రెండు రేడియోలు ఉన్నట్టు కనిపిస్తుంది. కావాలంటే సంఖ్య పెంచుకోవచ్చు. ఒక రేడియో పంపిన ఫ్రేమ్‌ను అదే ఛానెల్‌లో ఉన్న మిగతా రేడియోలకు మెమరీలోనే నకలు చేసి ఇస్తుంది. ఆ "గాలి"లో జరిగేదంతా చూసేందుకు విడిగా ఒక ఇంటర్‌ఫేస్ కూడా పెడుతుంది.

దీన్ని దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. యాంటెన్నా లేని ఒక మామూలు కంప్యూటర్. అందులో ఒక కల్పిత రేడియో మీద హోస్ట్‌ఏపీడీ యాక్సెస్ పాయింట్‌గా కూర్చుంటుంది, రెండోదాని మీద డబ్ల్యూపీఏ సప్లికెంట్ క్లయింట్‌గా కూర్చుంటుంది. క్లయింట్ వెతుకుతుంది, బీకన్ దొరుకుతుంది, పాస్‌వర్డ్ సరిచూసుకునే నాలుగు సందేశాలూ అటూ ఇటూ నడుస్తాయి, తాళం అమరుతుంది, పింగ్ పోతుంది. ఇప్పుడు పరీక్ష రాసేవారు మూడో సందేశాన్ని రెండుసార్లు పంపిస్తారు. నిజమైన గాలిలో అలా జరగాలంటే నాలుగో సందేశం దారిలో తప్పిపోవాలి. దానికోసం గంటలు కాచుకోవాలి. ఇక్కడ కావాలనుకున్న క్షణాన, వెయ్యిసార్లయినా, ఒకే తీరుగా చేయించవచ్చు.

ఈ ఉదాహరణను ఊరికే ఎంచుకోలేదు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథీ వాన్‌హూఫ్ 2017 అక్టోబర్‌లో బయటపెట్టిన క్రాక్ దాడి సరిగ్గా ఇక్కడే ఉంది. మూడో సందేశం మళ్లీ వస్తే చాలా పరికరాలు అదే తాళాన్ని మళ్లీ అమర్చి, దానితోపాటు ప్యాకెట్ లెక్కను మొదటికి తెచ్చేవి. వాడిన లెక్కనే మళ్లీ వాడితే గుప్తీకరణ బలం పోతుంది. సప్లికెంట్‌లోని కొన్ని రూపాల్లో ఆ తాళం కాస్తా అన్నీ సున్నాలే అయ్యేది. పదేళ్లకు పైగా కోట్లాది పరికరాల్లో ఉన్న లోపం ఇది. ప్రమాణాన్ని అక్షరాలా పాటించినవారూ ఇందులో చిక్కుకున్నారు, ఎందుకంటే మళ్లీ వచ్చిన సందేశానికి ఏం చేయకూడదో ప్రమాణం స్పష్టంగా చెప్పలేదు. పరిష్కారంగా సప్లికెంట్‌ను దిద్దడంతో ఆగలేదు. ఉన్న తాళాన్నే మళ్లీ అమర్చమంటే లెక్కను కదిలించకుండా ఊరుకునేలా లినక్స్ ఉమ్మడి పొరను కూడా మార్చారు.

హోస్ట్‌ఏపీడీ, డబ్ల్యూపీఏ సప్లికెంట్ రెండూ తయారయ్యే హోస్ట్‌ఏపీ ప్రాజెక్టులో హెచ్‌డబ్ల్యూసిమ్ మీద నడిచే పరీక్షలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం పైథాన్‌లో రాసినవి. వాటిని అనేక వర్చువల్ మెషీన్లకు పంచి ఒకేసారి నడుపుతారు. ఇక్కడ ఇంకో అడ్డంకి కాలం. కొన్ని పరీక్షలు అరవై సెకన్లు ఊరికే కాచుకోవాలి. ఈ అడ్డంకిని దాటడానికి లినక్స్ వైర్‌లెస్ నిర్వాహకుడు యోహానెస్ బెర్గ్ 2019లో యూజర్ మోడ్ లినక్స్‌కు కల్పిత కాలాన్ని జోడించారు. ఎవరికీ చేయాల్సిన పని లేకపోతే గడియారమే ముందుకు దూకుతుంది. నిమిషం కాచుకోవాల్సిన పరీక్ష కన్నుమూసి తెరిచేలోగా ముగుస్తుంది. అంతేకాదు, యంత్రం మీద పనిభారం ఎక్కువై గడువు దాటి పరీక్ష తప్పడమనే బెడద కూడా పోతుంది.

హెచ్‌డబ్ల్యూసిమ్ ఏమి చూడలేదో కూడా తెలిసి ఉండాలి. దానికి ఇంటరప్ట్‌లు లేవు, డీఎంఏ లేదు, ఫర్మ్‌వేర్ లేదు. దూరం పెరిగితే సంకేతం తగ్గడం దానంతట దానికి తెలియదు. డబ్ల్యూమీడియండీ అనే తోడు కార్యక్రమం పెట్టి ఫ్రేములు పోగొట్టించాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, అది పరీక్షించేది ఉమ్మడి పొరను, పైన నడిచే కార్యక్రమాలను. ఫలానా కంపెనీ చిప్ డ్రైవర్‌ను కాదు. దానికి అసలు రేడియో కావాల్సిందే.

పెట్టెలో గాలి

అసలు రేడియోను పరీక్షించే గదుల్లో కనిపించేవి లోహపు పెట్టెలు. తలుపు అంచుల వెంట రాగి పట్టీలు, లోపల స్పాంజిలాంటి శోషక పలకలు. పరీక్షించే ల్యాప్‌టాప్ ఒక పెట్టెలో, యాక్సెస్ పాయింట్ ఇంకొక పెట్టెలో ఉంటాయి. వాటి యాంటెన్నాలు విప్పేసి ఆ చోట కేబుల్ తగిలిస్తారు. రెండు కేబుళ్ల నడుమ అటెన్యుయేటర్ ఉంటుంది. అది సంకేతాన్ని అడిగినంత మేర తగ్గించే పరికరం. పెట్టెలోకి వెళ్లే కేబుళ్ల మీద కూడా ఒక కన్ను వేయాలి. పెట్టె ఎంత దట్టమైనదైనా లోపలికి వెళ్లే యూఎస్‌బీ తీగకో కరెంటు తీగకో ఫిల్టర్ లేకపోతే ఆ తీగే యాంటెన్నాగా మారి బయటి గాలిని లోపలికి తెస్తుంది.

అడ్డులేని చోట 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం ఒక మీటరు దూరానికి సుమారు 40 డెసిబెల్ తగ్గుతుంది. ఆ తర్వాత దూరం పదింతలైన ప్రతిసారీ ఇంకో 20 తగ్గుతుంది. అంటే అటెన్యుయేటర్ మీద 60 పెడితే పది మీటర్లు, 80 పెడితే వంద మీటర్లు నడిచినట్టు లెక్క. బల్ల ముందు నుంచి కదలకుండానే పొడవాటి మైదానం దాటవచ్చు. ఒక్కో డెసిబెల్ చొప్పున తగ్గించుకుంటూ పోతే డ్రైవర్ వేగం మెట్లు దిగడం తెరమీద కనిపిస్తుంది. మంచి డ్రైవర్ ఒక్కో మెట్టు దిగుతుంది. చెడ్డది పై మెట్టును పట్టుకు వేలాడి, ఫ్రేములన్నీ పోగొట్టుకుని, చివరికి ఒక్కసారిగా అడుగుకు పడిపోతుంది. వెనక్కి పెంచుకుంటూ వచ్చినప్పుడు కూడా చూడాలి: సంకేతం బాగుపడ్డాక మళ్లీ పైకెక్కుతున్నదా, కిందే కూర్చుంటున్నదా? ఈ రెండో సగాన్ని వదిలేసే పరీక్షలు చాలా ఉంటాయి. వాడేవారి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండో సగంలోనే పుడతాయి.

ఇదే బల్ల మీద రోమింగ్ కూడా పరీక్షించవచ్చు. రెండు యాక్సెస్ పాయింట్లు, రెండు అటెన్యుయేటర్లు. ఒకదాన్ని పెంచుతూ మరోదాన్ని తగ్గిస్తే మనిషి వరండాలో నడిచిన అనుభవం పరికరానికి కలుగుతుంది. కొలవాల్సింది రెండు: ఎప్పుడు మారింది, మారేటప్పుడు ఎన్ని మిల్లీసెకన్లు ప్యాకెట్లు ఆగిపోయాయి. ఆలస్యంగా మారేది మాట తెగే ఫోన్, తొందరపడి అటూ ఇటూ గెంతేది బ్యాటరీ తినే ఫోన్.

గాలికి చెవి ఒగ్గడం

డ్రైవర్ చెప్పే మాట ఒకటి, గాలిలో జరిగేది మరొకటి కావచ్చు. అందుకే ప్రతి పరీక్షాశాలలోనూ మూడో రేడియో ఒకటి ఉంటుంది. అది ఎవరితోనూ మాట్లాడదు. మానిటర్ మోడ్‌లో కూర్చుని అందరి ఫ్రేములూ వింటుంది. దాన్ని స్నిఫర్ అంటారు. ప్రతి ఫ్రేమ్‌కూ ముందు రేడియోటాప్ అనే తల ఉంటుంది: ఏ ఛానెల్, ఎంత సంకేతబలం, ఏ వేగం. వైర్‌షార్క్‌లో తెరిస్తే వరుసగా కనిపిస్తాయి.

ఒక చిన్న తునకను చదివి చూద్దాం. క్లయింట్ పంపిన డేటా ఫ్రేమ్, వరుస సంఖ్య 1207. దాని తర్వాత అందినట్టు జవాబు లేదు. మళ్లీ 1207, ఈసారి రీట్రై బిట్ పెట్టి ఉంది. మళ్లీ 1207. వేగం మాత్రం మూడుసార్లూ అదే. నాలుగోసారి వేగం ఒక్కసారిగా 6 మెగాబిట్లకు పడిపోయింది, అప్పుడు జవాబు వచ్చింది. డ్రైవర్ లాగ్‌లో చూస్తే ఈ ఫ్రేమ్ "సజావుగా వెళ్లింది" అని ఉంటుంది. అబద్ధం కాదు, వెళ్లింది నిజమే. కానీ మధ్య మెట్లన్నీ దాటేసి అడుగుకు దూకిందన్న సంగతి ఆ లాగ్‌లో లేదు. ఆ సంగతి గాలిలోనే ఉంది. స్నిఫర్‌కూ పరిమితులు ఉన్నాయి. నాలుగు యాంటెన్నాల సంభాషణను రెండు యాంటెన్నాల స్నిఫర్ వినలేదు. అది వినలేకపోయిన ఫ్రేమ్‌ను "పంపలేదు" అని రాసుకుంటే నేరం లేనివారి మీద నేరం మోపినట్టవుతుంది.

సంధికాలంలో పుట్టే లోపాలు

కనెక్షన్ కుదిరి, సినిమా నడుస్తున్నంతసేపు దాదాపు అన్ని డ్రైవర్లూ బాగానే పనిచేస్తాయి. తప్పులు దొరికేది ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే క్షణాల్లో. ల్యాప్‌టాప్ మూత వేయడం, మూత తెరవడం, యూఎస్‌బీ డాంగిల్ లాగేయడం, వెతుకులాట సగంలో ఉండగా విమానం మోడ్ నొక్కడం, తాళం మారుతుండగా యాక్సెస్ పాయింట్ వెళ్లగొట్టడం. ఈ రంగంలో ఎవరైనా కొత్తగా చేరితే వారికి చెప్పవలసిన మొదటి మాట ఇదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం: నిలకడగా ఉన్నప్పుడు కాదు, మారేటప్పుడు చూడండి.

దీనికి క్రూక్ కన్నా మంచి నిదర్శనం లేదు. ఈసెట్ సంస్థ పరిశోధకులు 2020 ఫిబ్రవరిలో ప్రకటించిన ఈ లోపం సంఖ్య సీవీఈ-2019-15126. బ్రాడ్‌కామ్, సైప్రస్ చిప్‌లు కొన్నింటిలో ఉండేది. పరికరం యాక్సెస్ పాయింట్ నుంచి విడిపోగానే చిప్ తన తాళాన్ని తుడిచి సున్నాలు నింపేది. ఇది మంచి అలవాటే. వాడని తాళాన్ని ఉంచుకోకూడదు. కానీ పంపాల్సిన ఫ్రేములు కొన్ని అప్పటికే బఫర్‌లో నిలిచి ఉండేవి. చిప్ వాటిని పారేయకుండా ఆ సున్నాల తాళంతోనే గుప్తీకరించి గాలిలోకి వదిలేది. సున్నాల తాళం ఎవరి దగ్గరైనా ఉన్నదే. విడిపోయే సందేశాలు అప్పట్లో చాలాచోట్ల రక్షణ లేకుండా వెళ్లేవి కాబట్టి, దాడి చేసేవారు పరికరాన్ని పదే పదే విడదీసి ప్రతిసారీ కొన్ని ఫ్రేములు ఏరుకోవచ్చు. ప్రభావితమైన పరికరాలు వంద కోట్లకు పైగా ఉంటాయని ఈసెట్ అంచనా వేసింది. తాళం తుడిచే కోడ్ తప్పు కాదు, బఫర్ నడిపే కోడ్ తప్పు కాదు. రెండిటి మధ్య వరుస తప్పింది. దేనికదిగా పరీక్షిస్తే రెండూ నెగ్గుతాయి.

డాంగిల్ లాగేయడం ఇలాంటిదే. లాగిన క్షణాన యూఎస్‌బీ అభ్యర్థనలు కొన్ని ఇంకా దారిలో ఉంటాయి, టైమర్ ఒకటి మోగడానికి సిద్ధంగా ఉంటుంది, వర్క్ క్యూలో ఒక పని మిగిలి ఉంటుంది. డ్రైవర్ వీటన్నిటినీ ఆపి, ఆగాయని నిర్ధారించుకుని, ఆ తర్వాతే మెమరీని వదలాలి. వరుస తప్పితే వదిలేసిన మెమరీని మళ్లీ ముట్టుకుంటుంది. వందసార్లు లాగినా తొంభై తొమ్మిదిసార్లు ఏమీ కాదు, ఎందుకంటే ఆ మెమరీలో పాత విలువలే ఇంకా ఉంటాయి. ఆ ఊరుకోవడమే ప్రమాదం. 2015లో లినక్స్ 4.0తో వచ్చిన కేసాన్ అనే సాధనం ఈ మౌనాన్ని చెదరగొడుతుంది: వదిలిన మెమరీని తాకిన తక్షణం, ఎవరు తాకారో, ఎవరు వదిలారో రెండు జాబితాలూ లాగ్‌లో రాస్తుంది. కోడ్‌లోని లాక్‌ల వరుస తప్పితే లాక్‌డెప్, మెమరీ కారిపోతే కెమెమ్‌లీక్ చెబుతాయి. ఈ మూడూ పెట్టకుండా డాంగిల్ లాగి చూడడం చీకట్లో తడుముకోవడమే.

ఫర్మ్‌వేర్ కుప్పకూలడం కూడా మార్పే. చిప్ లోపలి ప్రోగ్రామ్ ఆగిపోతే దాన్ని మళ్లీ లేపి, స్టేషన్లను, తాళాలను మునుపటిలా అమర్చడం డ్రైవర్ బాధ్యత. ఏథ్10కే డ్రైవర్‌లో పరీక్షకులు కావాలనే ఫర్మ్‌వేర్‌ను కూల్చడానికి డీబగ్ ఫైల్ ఒకటి ఉంది. వీడియో కాల్ నడుస్తుండగా దాన్ని నొక్కి, కాల్ తెగకుండా తేరుకుంటున్నదా అని చూస్తారు.

పవర్ సేవ్ లోపాలకు ఒక గుర్తు ఉంది. బీకన్ల మధ్య వ్యవధి సాధారణంగా 102.4 మిల్లీసెకన్లు. రేడియో ఆ మధ్యలో నిద్రపోయి బీకన్ వేళకు లేస్తుంది. పింగ్ సమయాలు ఒకటి రెండు మిల్లీసెకన్ల నుంచి వంద, రెండు వందలకు గంతులు వేస్తుంటే రేడియో వేళకు లేవడం లేదని అనుమానించాలి.

శత్రువు పంపే ఫ్రేములు

వైఫై డ్రైవర్ ఎవరి ఫ్రేమైనా చదవాల్సిందే. పాస్‌వర్డ్ అడగకముందే, కనెక్ట్ కాకముందే, చుట్టూ ఏ నెట్‌వర్క్‌లు ఉన్నాయో చూడాలంటే బీకన్లు విప్పాలి. ఒక బీకన్‌లో చిన్న చిన్న ముక్కలు వరుసగా ఉంటాయి. ప్రతి ముక్క తన రకం, తన పొడవు తానే చెప్పుకుంటుంది. ఆ పొడవును నమ్మితే మోసపోతాం.

రియల్‌టెక్ చిప్‌ల కోసం లినక్స్‌లో ఉన్న ఆర్‌టీఎల్‌వైఫై డ్రైవర్‌లో 2019లో దొరికిన సీవీఈ-2019-17666 ఇదే కథ. వైఫై డైరెక్ట్‌లో "కాసేపు అందుబాటులో ఉండను" అని చెప్పే ముక్క ఒకటుంది. దాని పొడవుకు పైహద్దు చూడకుండా కోడ్ నకలు చేసుకునేది. సమీపంలో ఉన్నవారు ఎవరైనా పెద్ద పొడవు రాసి పంపితే కెర్నల్ మెమరీ చెడిపోతుంది. పరిష్కారం ఒక చిన్న పోలిక. ఆ పోలిక లేక ఆ లోపం ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది.

2022 అక్టోబర్‌లో ఇంకా పెద్ద సంగతి బయటపడింది. జర్మనీలోని డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకుడొకరు ఫజ్జింగ్ చేస్తూ ఉమ్మడి పొరలోనే అయిదు లోపాలు పట్టుకున్నారు. సీవీఈ-2022-41674 వాటిలో మొదటిది. ఒకే యాక్సెస్ పాయింట్ అనేక పేర్లను ఒకే బీకన్‌లో ప్రకటించే ఏర్పాటు కోసం 2019 ప్రాంతంలో చేర్చిన కోడ్‌లో ఎక్కువ భాగం ఉన్నాయి. ఉమ్మడి పొర కావడంతో ఏ కంపెనీ చిప్ అన్న తేడా లేదు. ఫజ్జింగ్ అంటే సగం సరైన, సగం చెడిన ఫ్రేములను లక్షల్లో తయారుచేసి లోపలికి వదలడం. పూర్తిగా చెడినవాటిని కోడ్ గుమ్మం దగ్గరే తిప్పి పంపుతుంది. దాదాపు సరిగ్గా ఉన్నవే లోపలి గదుల దాకా వెళతాయి. గూగుల్ తయారుచేసిన సిజ్‌కాలర్ కోడ్‌లో కొత్త దారి తెరిచిన ఫ్రేమ్‌ను దాచుకుని, దాన్ని కొద్దికొద్దిగా మార్చి ఇంకా లోతుకు వెళుతుంది. వైఫై ఫ్రేములు ఎక్కించడానికి అది కూడా హెచ్‌డబ్ల్యూసిమ్ మీదే ఆధారపడుతుంది. యూఎస్‌బీ వైపు నుంచి నకిలీ డాంగిల్‌గా నటిస్తూ డ్రైవర్లను పరీక్షించే పద్ధతి దానికి వేరుగా ఉంది.

ఈ యూఎస్‌బీ ఫజ్జింగ్ హైదరాబాద్‌లో పుట్టిన కోడ్‌ను కూడా తాకింది. హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం ఉన్న రెడ్‌పైన్ సిగ్నల్స్ సంస్థ తన చిప్‌ల కోసం రాసిన ఆర్‌ఎస్‌ఐ డ్రైవర్ 2014లో లినక్స్ కెర్నల్‌లో చేరింది. ఒకే మెమరీని రెండుసార్లు వదిలే లోపం అందులో 2019లో నమోదై, సవరణ పొందింది. ఆ ఏడాది అలాంటి నివేదికలు ఎన్నో కంపెనీల డ్రైవర్లకు వచ్చాయి. యూఎస్‌బీ పరికరం అబద్ధమాడవచ్చన్న ఊహే అంతకుముందు చాలామందికి లేదు. రెడ్‌పైన్ వైఫై వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ కొనుక్కుంది. క్వాల్‌కామ్‌కూ హైదరాబాద్‌లో పెద్ద కేంద్రం ఉంది. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఫోన్ రోమింగ్ సరిగ్గా చేస్తే, ఆ అటెన్యుయేటర్ ముందు కూర్చున్నవారు తెలుగువారు అయ్యే అవకాశం తక్కువేమీ కాదు.

వేగమొక్కటే కొలత కాదు

వేగం కొలిచే ఐపెర్ఫ్ నడిపి వచ్చిన మెగాబిట్ల సంఖ్యను నివేదికలో రాయడం చాలాకాలం ఆనవాయితీ. ఆ సంఖ్య ముఖ్యమే, కానీ దానికోసం క్యూలను పొడిగించిన డ్రైవర్లు వీడియో కాల్‌ను చంపేశాయి. లోడ్ ఉన్నప్పుడు పింగ్ ఎంత పెరుగుతుందో కొలవకపోతే ఇది కనబడదు. ఇంకో చిక్కు పంచుకోవడంలో ఉంది. 1500 బైట్ల ఫ్రేమ్‌కు 54 మెగాబిట్ల వేగంలో సుమారు 0.22 మిల్లీసెకన్లు పడితే, 1 మెగాబిట్‌లో 12 మిల్లీసెకన్లు పడుతుంది. తలా ఒక ఫ్రేమ్ చొప్పున వంతులిస్తే దూరంగా ఉన్న ఒక్క ఫోన్ గాలినంతా తినేసి, దగ్గరున్నవారినీ తన వేగానికి దించుతుంది. ఫ్రేముల లెక్కన కాక గాలిలో గడిపిన కాలం లెక్కన వంతులివ్వాలని టోకే హోయిలాండ్ యోర్గెన్‌సెన్, ఆయన సహచరులు ఏథ్9కే డ్రైవర్‌లో చేసి చూపించారు. 2017 యూసెనిక్స్ సభలో వెలువడిన వారి పత్రం ప్రకారం లోడ్ కింద ఆలస్యం దాదాపు పదోవంతుకు తగ్గింది.

చట్టం చూసే పరీక్షలు

5 గిగాహెర్ట్జ్ పట్టీలో కొంత భాగాన్ని వాతావరణ, సైనిక రాడార్లు కూడా వాడుకుంటాయి. ఆ ఛానెళ్లలో యాక్సెస్ పాయింట్ పెట్టేముందు 60 సెకన్లు మౌనంగా వినాలి. ఐరోపాలో 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ వాతావరణ రాడార్ల పట్టీలో పది నిమిషాలు. పనిచేస్తుండగా రాడార్ వినబడితే పది సెకన్లలో ఖాళీ చేయాలి, అరగంట దాకా తిరిగి రాకూడదు. దీన్ని నిజంగా పరీక్షించాలంటే సిగ్నల్ జనరేటర్‌తో రాడార్ పల్స్‌లు పుట్టించాలి. లేని రాడార్‌ను విన్నానని పొరబడే డ్రైవర్ కూడా తప్పినట్టే. పదే పదే ఛానెల్ మారిపోయే రౌటర్ వెనుక ఈ పొరపాటు తరచు ఉంటుంది.

భారత ప్రభుత్వం 2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 5150-5350, 5470-5725, 5725-5875 మెగాహెర్ట్జ్ పట్టీలను, మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను, లైసెన్సు అక్కర్లేకుండా విడుదల చేసింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు, ఏ దేశంలో ఏ ఛానెళ్లు వాడవచ్చో చెప్పే దేశాలవారీ పట్టిక మారాలి. ఆ పట్టిక పాతబడితే చట్టం ఇచ్చిన ఛానెల్ ఫోన్‌కు కనబడదు. రౌటర్ 5 గిగాహెర్ట్జ్ పేరు ఫోన్ జాబితాలో లేకపోతే చాలామంది రౌటర్‌నే తిడతారు. దేశానికి దిగుమతయ్యే వైర్‌లెస్ పరికరాలకు టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఈక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ కావాలి.

చట్టం అడిగే అనుమతి వేరు, పరిశ్రమ ఇచ్చే ముద్ర వేరు. ఆ ముద్ర ఇచ్చే వైఫై అలయన్స్ 1999లో వేరే పేరుతో మొదలై 2002లో ఈ పేరు తెచ్చుకుంది. 2000 నుంచి ఉత్పత్తులకు ధ్రువపత్రాలిస్తోంది. 2006 మార్చి నుంచి డబ్ల్యూపీఏ2 అనే భద్రతా పద్ధతి లేనిదే ఆ ముద్ర దొరకలేదు. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి కలుస్తాయన్నదే ఆ ముద్ర హామీ. మూత వేసి తీసినప్పుడు డ్రైవర్ కూలదని అది చెప్పదు. ఆ వైపు విండోస్‌లో హార్డ్‌వేర్ ల్యాబ్ కిట్, డ్రైవర్ వెరిఫైయర్ చూస్తాయి. మెమరీ అడిగితే కావాలనే లేదని చెప్పి డ్రైవర్ తట్టుకుంటుందా అని చూడడం వెరిఫైయర్ చేసే పనుల్లో ఒకటి.

వెనక్కి నడిచి వెతకడం

నిన్నటిదాకా పనిచేసింది ఈరోజు పనిచేయకపోతే దాన్ని రిగ్రెషన్ అంటారు. లినక్స్ కొత్త విడుదల తొమ్మిది పది వారాలకొకటి వస్తుంది. ఒక్కోదానిలో పదివేలకు పైగా మార్పులుంటాయి. బైసెక్ట్ పద్ధతిలో సగానికి సగం చీలుస్తూ పోతే పద్నాలుగు మెట్లలో తప్పు మార్పు దొరకాలి. వైఫైలో ఈ లెక్క ఒకచోట తడబడుతుంది. లోపం అయిదుసార్లకు ఒకసారే కనబడేదైతే, ఒక మెట్టు మీద పదిసార్లు ప్రయత్నించి పదిసార్లూ బాగుందని వచ్చినా, లోపం అక్కడే ఉండి దాక్కున్న అవకాశం నూటికి దాదాపు 11. ఇరవైసార్లు ప్రయత్నిస్తే అది నూటికి 1కి దిగుతుంది. తొందరపడి ఒక్క మెట్టు దగ్గర "బాగుంది" అని రాసినా మిగతా మెట్లన్నీ తప్పుదారి పడతాయి, చివరన సంబంధం లేని ఎవరి ప్యాచ్ మీదో వేలు చూపిస్తాయి. అందుకే అనుభవజ్ఞులు బైసెక్ట్ మొదలుపెట్టే ముందు ఒక పూట కేటాయించి, లోపం ఎన్నిసార్లకు ఒకసారి వస్తుందో లెక్క కట్టుకుంటారు. ఆ లెక్కతోనే ప్రతి మెట్టు మీద ఎన్నిసార్లు మూత వేసి తీయాలో నిర్ణయిస్తారు.